తెల్లపువ్వుకు పాత నీళ్ళు

కుళాయి వచ్చిందని వీధంతా కేకలు, బిందెలు ఒకదానికొకటి తగిలి మోగుతున్నాయి, నేను ఆ వీధిలోనే ఉన్నాననుకుంటూ మా పెరట్లో నిలబడి ఉన్నాను, పెరడేమో మదనపల్లె బస్టాండంత వెడల్పుగా ఉంది, దాని అవతలి కొస నుంచి మా మామ గంగులప్పగారు రెండు చేతుల్లో రెండు బిందెలతో వస్తున్నారు. చనిపోయి రెండేళ్ళయిన మనిషి ఇంత హుషారుగా నడవడమేమిటని నాకు తోచదు. లుంగీ ఎగగట్టి, తలకు తువ్వాలు చుట్టి, చుక్క తొణక్కుండా వస్తున్న ఆయన్ని చూస్తే ప్రాణం లేచొచ్చినట్టుంది, అంతలోనే ఆయన ఎక్కడికి పోతున్నారో అర్థమవుతుంది. గోడ మూలకు పోతున్నారు. అక్కడ మా తెల్ల కోన్‌ఫ్లవర్ మొక్క, రేపో ఎల్లుండో విచ్చుకోబోయే మొదటి మొగ్గతో ఉంది.

"మామా, ఆగండి! దానికి పోయొద్దండి!"

"కొత్త నీళ్ళు వచ్చినాయి కదమ్మా. పాతవి పారబోస్తే పాపం. చెట్టుకు పోస్తే తాగుతాది."

బతికున్నన్నాళ్ళూ ఆయన చేసిన పనే ఇది. మా ఊళ్ళో కుళాయి రోజు మార్చి రోజు వస్తుంది, వచ్చినప్పుడల్లా ఇంట్లో మిగిలిన పాత నీళ్ళన్నీ మోసుకెళ్ళి మొక్కలకు కుమ్మరించేవారు. మల్లె, కరివేపాకు ఆ నీళ్ళతో బలిసేవి. బెంగుళూరు పూల ప్రదర్శనలో ఆయనే ముచ్చటపడి కొన్న ఈ తెల్లపూల విత్తనాలు మాత్రం, చలి తగిలితేనే మొలుస్తాయట అని తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో ఇడ్లీపిండి పక్కన వారాల తరబడి దాచి మొలిపించినవి, జానెడు పెరిగి వేరు కుళ్ళి పడిపోయేవి. ఒక్క పువ్వన్నా చూడాలని ఉందమ్మా అంటూనే పోయారు. ఆయన పోయాక ఎవరూ పట్టించుకోని గోడ మూల, ఇటుక ముక్కల మధ్య మిగిలిన ఒక్క మొక్క, ఎండకు నిలబడి బలపడింది.

మీరు లేరు కాబట్టే ఇది బతికిందని ఆయన మొహం మీద ఎట్లా అనేది? మామ అంటే నాకు ప్రాణం. పరుగెత్తుతాను, పరుగెత్తేకొద్దీ పెరడు సాగుతుంది, టమోటా మార్కెట్ అడ్డొస్తుంది, బుట్టల మధ్య నుంచి దూరి, ఎవరిదో మేడ ఎక్కి దిగి, చివరికి మొక్కకీ ఆయనకీ మధ్య చేతులు చాచి నిలబడతాను.

"ఏందమ్మా రెడ్డిరాణీ, కబడ్డీ ఆడతా ఉండావా?"

"దీనికి నీళ్ళు ఎక్కువైతే పడదు మామా. పైన మట్టి బాగా ఎండినాక ఒక చెంబు పోస్తే చాలు. ఎరువు కూడా వెయ్యలేదు నేను."

"మరి నేను పోసిన బిందెలు?"

కళ్ళు గట్టిగా మూసుకుని చెప్పేస్తాను. "వాటికే చచ్చినాయి మామా. పోసేదానికి మీరు లేకనే ఇది బతికింది."

కళ్ళు తెరిస్తే, ఆయన బిందెలు కింద పెట్టి మరీ నవ్వుతున్నారు.

"అంటే నేను పోయి ఒక మంచిపని చేసినానంటావు! ముందే చెప్పుంటే ఇంకొంచెం తొందరగా పోయుందును కదా!"

"అట్లనొద్దు మామా" అంటున్నాను గానీ నాకూ నవ్వాగడం లేదు, కళ్ళ వెంట నీళ్ళూ ఆగడం లేదు.

ఆయన మొక్క ముందు గొంతుక్కూర్చుంటారు. ఆయన కోసమే ఆగినట్టు మొగ్గ విచ్చుకుంటుంది, చుట్టూ తెల్ల రేకలు కిందికి వాలుతున్నాయి, నడుమ గుండు పచ్చగా, ముళ్ళు ముళ్ళుగా పైకి లేస్తోంది. ఆయన వేలితో తడిమి చూస్తారు.

"గడ్డం గీసుకోని నా చెంప మాదిరుందే! ఎంత తెల్లగుందమ్మా. వాడినాక కోసి పారెయ్యొద్దు. చెట్టు మీదనే ఎండనిచ్చి విత్తనం తీసుకో."

"తీసుకుంటా మామా."

ఎంతసేపు చూస్తారో, తెల్లారుతుంది, పొద్దుగూకుతుంది, మళ్ళీ తెల్లారుతుంది. అప్పుడు లేచి బిందెల వైపు చూస్తారు.

"మరి ఈ నీళ్ళేం చేసేది? ఊరికే పారబొయ్యడం నా చేత కాదు."

"ఇంకెక్కడన్నా పోసుకోండి మామా, దీనికి మాత్రం వద్దు."

"సరేలే, చోటు చూస్తా."

బిందెలెత్తుకుని మా మేడమెట్లు ఎక్కుతున్నారు, మేడ అయిపోయినా మెట్లు అయిపోవడం లేదు, కాఫీ తాగి పోండి మామా అని నేను కింద నుంచి కేకలు పెడుతూనే ఉన్నాను.

కేకకు నాకే మెలకువ వచ్చింది. తెల్లవారింది. బయట చప్పుడు. వాన! నడి వేసవిలో మా ఊళ్ళో వాన! మొక్క గుర్తొచ్చి గొడుగు పట్టుకుని పెరట్లోకి పరుగెత్తాను. పడమటి గాలికి జల్లు ఏటవాలుగా కొడుతోంది, మల్లెపొద తలవాల్చేసింది, తులసికోట చుట్టూ నీళ్ళు నిలిచాయి. గోడ చాటున ఆ మూల మట్టి మాత్రం పొడిగా ఉంది, ఒక్క చుక్క పడలేదు. గొడుగు మూసేసి, ఒక్కదాన్నే నవ్వుకుంటూ, ఆ వానలో నిలబడి తడిశాను.