అమ్మ చేసిన సీత

పాత సామాన్ల సంతలో మా అన్న రామాంజి నాకు ముందు నడుస్తున్నాడు, పోయిన వేసవిలో చనిపోయినవాడు ఇక్కడికెలా వచ్చాడని నాకు అనిపించడం లేదు, జనంలో తప్పిపోతాడేమోనన్న భయం మాత్రమే ఉంది. హైదరాబాదు ఎర్రగడ్డలా మొదలైన సంత కాస్త ముందుకు వెళ్లేసరికి బెంగళూరు వీధిలా మారి, ఆ వీధి మలుపు తిరిగి అనంతపురం దగ్గరి మా ఊరి చింతతోపులోకి వస్తోంది; తుప్పుపట్టిన ఫ్యాన్లు, చెవులు విరిగిన కప్పులు, ఎవరివో పెళ్లి ఫొటోలు నేలంతా పరిచి ఉన్నాయి, అమ్మేవాళ్ల ముఖాలు మాత్రం కంటికి సరిగా ఆనడం లేదు.

మేం వెతుకుతున్నది అమ్మ చేసిన సీతను. అమ్మ తోలుబొమ్మలు చేసేది. నేను పాలు తాగే బిడ్డగా ఉన్నప్పుడే పోయింది. వానల్లేక, ఆటకు ఏ ఊరూ పిలవక, ఆ మరుసటేడు నాన్న బొమ్మల పెట్టెను పాత సామాన్లవాడికి ఇచ్చేశాడు. అందులోని సీత కోసం అన్న బతికినంతకాలం సంతలు తిరిగాడు, నన్నూ తిప్పాడు. అమ్మ ఫొటో ఒక్కటీ లేదు మాకు. ఆ బొమ్మ దొరికితే ఆమె చేతిని చూసినట్టేనని నా ఆశ.

అన్న ఒక గుట్ట ముందు కూర్చుని ఒక్కో బొమ్మనూ ఎండకు ఎత్తి చూస్తున్నాడు. మిషనుతో కొట్టిన బెజ్జాలన్నీ ఒకేలా ఉంటాయని, మేకతోలైతే వెలుగు తేనెరంగులో దిగుతుందని, ఆముదం దీపాల ముందు ఆడిన బొమ్మకు వీపున మసి వదలదని బతికున్నప్పటిలాగే చెబుతున్నాడు. అవన్నీ నాకూ తెలుసు. అమ్మది అవునో కాదో మాత్రం ఎప్పుడూ ఆయనే చూసి, కాదని కింద పెట్టేసేవాడు. ఏం చూస్తావని అడిగితే, దొరికినప్పుడు చూపిస్తాలే అనేవాడు.

ఇప్పుడు గుట్టలోంచి ఒక సీత నా చేతికి వస్తుంది.

"అన్నా, మేకతోలే. మసి గూడా ఉంది. అమ్మదేనా?"

ఆయన దాన్ని ఎత్తి పట్టుకుంటాడు, బెజ్జాల్లోంచి ఎండ ఆయన ముఖం మీద చుక్కలు చుక్కలుగా పడుతుంది, చాలాసేపు అలాగే చూస్తాడు.

"తెలీడంల్యా పాపా."

"నీకు తెలీకపోతే ఎట్లన్నా? నాయినా పోయినాక, అమ్మ పని చూసినోడివి నువ్వొక్కడివే."

"అమ్మ చెయ్యి గ్యాపకం రావడంల్యా. ఈడికొచ్చినాక ఒగటొగటే పోతాండాయి. మొదట అదే పోయింది."

అమ్మ చేతి గుర్తు కనుబొమ్మల దగ్గరా, చెవికమ్మల దగ్గరా, జడ అల్లికలోనా అని ఒక్కొక్కటీ అడుగుతున్నాను, నేను బాధపడకూడదని అన్నిటికీ తలూపుతున్నాడు. ఆ సీత కింద ఇంకో సీత, దాని కింద మరొకటి, అన్నీ మేకతోలువే, అన్నిటికీ మసి ఉంది. వీటిలో ఒకటి అమ్మది కావచ్చు, ఏదీ కాకపోవచ్చు, చెప్పగలిగినవాడు పక్కనే కూర్చుని చెప్పలేకపోతున్నాడు.

"ఇంగ ఎతకొద్దులే," అంటాడు మెల్లగా. "దొరికినా నీకు తెలీదు."

అమ్మేవాళ్లు దుప్పట్లు మూటకడుతున్నారు, అన్న కూర్చున్న దుప్పటి అంచులు కూడా ఎవరో లేపుతున్నారు, ఈ ఒక్కటి చూడన్నా అంటూ నేను ఇంకో బొమ్మను ఎండకు ఎత్తుతున్నాను.

మెలకువ వచ్చేసరికి కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతోంది. నా కుడిచెయ్యి ఏమీ పట్టుకోకుండానే పైకి లేచి ఉంది, వేళ్ల అంచుల్లో వెలుగు ఎర్రగా దిగుతోంది. ఈ చెయ్యి అమ్మ పోలికేమో. చెప్పేవాళ్లు ఇక ఎవరూ లేరు.