చెల్లెలి మోపు

ఆ వానాకాలం మహారాష్ట్రలోని భివండిలో వంటగ్యాస్ దొరకక, రోజా, ఆమె చెల్లెలు సాక్షి బడి వదిలాక అంజూర్ ఫాటా కూడలి దగ్గరి గోదాముల వెనక విరిగిన చెక్కలు ఏరేవారు. రోజా మోపు ఎప్పుడూ పెద్దదే. అయినా తల్లి ఆగమ్మ మెచ్చుకునేది సాక్షినే.

"చిన్నదాని కట్టెలు ఇట్ల పెడితే అట్ల అంటుకుంటయ్. నీయి అన్నీ పొగనే," అనేది. ఆ మాటకు రోజాకు ఒళ్లు మండిపోయేది.

ఒకరోజు ఇంటి ముందు మోపులు దించి సాక్షి కాళ్లు కడుక్కోవడానికి వెళ్లింది. రోజా గబగబా తన మోపు చెల్లెలి మోపు ఉన్నచోట పెట్టి, చెల్లెలి మోపు తనదని తల్లికిచ్చింది. పొయ్యి భగ్గున మండింది.

"ఇయ్యాలకు నేర్చుకున్నవే పెద్దదానా!" అని ఆగమ్మ సంబరపడింది.

సాక్షి తన కట్టెలను గుర్తుపట్టింది, అయినా అక్క మోపునే తనదన్నట్టు లోపలికి మోసుకొచ్చింది. ఆ మంచితనం రోజాకు మరింత కంటగింపైంది.

మర్నాడు గోదాముల దగ్గర రోజానే చెల్లెల్ని నిలదీసింది. "అమ్మకు ఎందుకు చెప్పలే?"

"చెప్తే నిన్ను కొడ్తది గదా, అక్కా." సాక్షి ఒక చెక్క విరిచింది. "విను. టప్పుమంటే ఎండింది. వంగితే నానింది, పారెయ్."

తొమ్మిదేళ్ల పిల్ల తనకు చెప్పడమేమిటని రోజా మొహం తిప్పుకుంది. చెల్లెలు అటు వెళ్లాక ఒక చెక్కను చెవి దగ్గర పెట్టుకుని విరవబోయింది. అది వంగింది. దాన్ని పారేసి ఇంకోటి తీసుకుంది.