జారిపోయిన రెండక్షరాలు

ప్రూఫులాయన ఏ పేజీనైనా కింది నుంచి పైకి, చివరి మాట నుంచి మొదటి మాటకి చదువుతాడు. ముందు నుంచి చదివితే అర్థం చెయ్యి పట్టుకుని లాక్కుపోతుందని, ఈలోగా తప్పు కళ్లుగప్పి తప్పించుకుంటుందని అతని భయం. అతను అచ్చుతప్పులు దిద్దే ప్రెస్సులో అచ్చయ్యేది పరిశుద్ధ గ్రంథమే. అలా వెనక నుంచి దాన్ని నలభై ఒక్కసార్లు చదివాడు. ఒక్క ముక్క ఒంటబట్టలేదు.

అతని భార్య ఆస్పత్రి దుప్పట్లు కుట్టేది. తెల్లారి మిషను ముందు కూర్చోబోతూ ఒక్క వాక్యం చదివి, రోజంతా దాన్నే నెమరువేసుకునేది. ఒక్కో వాక్యం దగ్గర వారం ఉండిపోయేది. ఆవిడ ఉండిపోయిన చోటల్లా కాగితం వెచ్చబడేది, మళ్లీ చల్లారేది కాదు. చలికాలంలో పైవాటా టీచరమ్మ వచ్చి కీర్తనల పేజీల మీద వేళ్లు కాచుకుని బడికి వెళ్లేది. పక్కింటివాళ్లు చంటిపిల్ల పాలసీసా కాసేపు దానికి ఆనించి పెడతామనేవాళ్లు. ఆవిడ సరేననేది, మూత గట్టిగా బిగించారా లేదా అని మాత్రం చూసుకునేది. ప్రూఫులాయన పుస్తకం బల్ల మీద ఇనపరేకులా చల్లగా పడుండేది. అది అతనికి కడుపుమంట. నలభై ఒక్కసార్లు చదివింది నేను, సుఖపడేది తనా అనుకునేవాడు.

వాళ్లకి నాలుగేళ్ల పాప ఉండేది. జ్వరమొచ్చి పోయింది. సమాధి చేసిన మర్నాడే అతను ప్రెస్సుకి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఇంట్లో పాప ఊసెత్తలేదు. భార్య ఎత్తబోతే చొక్కా తగిలించుకుని బయటికి నడిచేవాడు. ఏడాదిపాటు ఆవిడ అతని మొహం వంక చూసింది. ఆపైన చూడటం మానేసి, చావు జరిగిన ప్రతి ఇంటికీ వెళ్లడం మొదలుపెట్టింది. వాళ్ల పక్కన కూర్చునేది, అంట్లు తోమిపెట్టేది, తిరిగొచ్చేటప్పుడు కూనిరాగం తీసుకుంటూ వచ్చేది.

"చావింటికెళ్లి సంబరంగా వస్తావేంటి నువ్వు?" అన్నాడొకసారి.

"మనకిచ్చిన పని అదేనటండి. పుస్తకంలో ఉంది."

ఎక్కడుందని అతను అడగలేదు. తనకి తెలియనిది అందులో ఏముంటుందని ధీమా.

ఇరవై ఆరేళ్లు ఆవిడ ఆ పని చేసింది. మొన్న వానాకాలంలో మిషను మీదే తల వాల్చి పోయింది. ఆవిడ ఓదార్చినవాళ్లంతా వచ్చి వరండా నిండా కూర్చున్నారు. అతను లోపల గది తలుపేసుకున్నాడు.

అప్పటికే అతని చూపు మసకబారింది. ప్రెస్సువాళ్లు ఇంటికి పంపేస్తూ ఆఖరి పని ఒకటి అప్పజెప్పారు. కొత్త అచ్చు వేస్తున్నారట, పాత అచ్చులో తప్పులేమైనా మిగిలిపోయి ఉంటే రాసివ్వాలి. తన పుస్తకంలో అక్షరాలు ఆనకపోతే, ఆవిడదైతే వేళ్లకైనా ఆనుతుందేమోనని అది తెరిచాడు. నాలుగు నెలలైనా అది వెచ్చగానే ఉంది. పేజీలు తడుముతూ పోతుంటే ఒకచోట వేలు చురుక్కుమంది. భూతద్దం పెట్టి, అలవాటు చొప్పున చివరి మాట నుంచి మొదలుపెట్టాడు. 'ఓదార్చుదురు' అని ఉంది.

దుఃఖపడేవాళ్లు ధన్యులని చెప్పే చోటది. 'ఓదార్చబడుదురు' అని ఉండాలి. అక్షరాలు కూర్చినవాడు 'బడు' మింగేసి, చకారానికి కొమ్మిచ్చి వదిలాడు. పట్టుకోవాల్సింది తను. ఆ పేజీ ఎప్పుడు చూశాడో గుర్తొచ్చింది. పాపని సమాధి చేసిన మర్నాడు, ప్రెస్సులో తలుపేసుకుని, కళ్లలో నీళ్లు ఆగకుండా ఉన్నప్పుడు. అతను ఏడ్చింది ఆ ఒక్కరోజే, అదీ భార్యకి తెలియకుండా.

పక్కన మార్జిన్‌లో పెన్సిల్ గీతలున్నాయి. అతని ప్రూఫు గుర్తులు ఆవిడ ఎప్పుడు నేర్చుకుందో ఏమో, 'బడు' చేర్చమని రాసి, దాన్ని మళ్లీ కొట్టేసి, అచ్చు మాట కింద వరసగా చుక్కలు పెట్టింది. ఉన్నది ఉన్నట్టే ఉంచమని ఆ చుక్కలకి అర్థం. తప్పని ఆవిడకి తెలుసు. ఓదార్చే మనిషి ఇంట్లో లేడని ఏడాది చూసి తెలుసుకుని, ఆ తప్పునే తన పనిగా పెట్టుకుని, అందులోనే సంతోషం వెతుక్కుంది.

అతను ఆ వాక్యాన్ని జీవితంలో మొదటిసారి ముందు నుంచి చదివాడు. మళ్లీ చదివాడు. మధ్యాహ్నం దాకా అక్కడే ఉండిపోయాడు. ఇంత తీపి ఇన్నేళ్లూ తన బల్ల మీదే ఉందా అనిపించింది, ఆ వెంటనే సిగ్గేసింది. తప్పుల పట్టీలో ఆ పేజీ నంబరు రాశాడు, అచ్చుతప్పు అచ్చుతప్పే కాబట్టి. ఆవిడ పుస్తకాన్ని మాత్రం దిద్దలేదు.

వీధి చివర తాళాలు బాగుచేసేవాడి భార్య పోయి వారమైంది. ప్రూఫులాయన చొక్కా తగిలించుకుని, పుస్తకం చంకన పెట్టుకుని అక్కడికి నడిచాడు. తాళాలతను స్టూలు జరిపి కూర్చోమన్నాడు. ప్రూఫులాయన పుస్తకం తెరిచి అతని చేతుల కింద పెట్టాడు.

"మాకో పాప ఉండేదయ్యా" అన్నాడు.

తాళాలతను తలెత్తి, చెప్పండి అన్నాడు. అతను చెప్పాడు. జ్వరం గురించి, పాప చెప్పులు ఎప్పుడూ ఎడమది కుడికి, కుడిది ఎడమకి వేసుకోవడం గురించి, అన్నీ చెప్పాడు. తాళం బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్లు కూడా నిలబడి విన్నారు. ఏడాదిపాటు ఆ మాటల కోసం అతని మొహం వంక చూసిన మనిషి ఒక్కతే అక్కడ లేదు.