మంచె, మంచం

సీతారాములు బావ మా పెద్దక్క బుల్లమ్మ భర్త. భోపాల్‌పట్నం దగ్గర మా పల్లెలో పటేలు జొన్నచేనుకు కావలి ఉండేవాడు. నాలుగు గుంజల మీద కట్టిన మంచె ఎక్కి, అడవిపందులు రాకుండా తెల్లవార్లూ గంటకోసారి లేచి డబ్బా కొట్టాలి. మా ఇంట్లో బి.ఏ. చదివింది నేనొక్కణ్ణే. ఆ కావలికి కూలిగా వచ్చిన గింజలే నన్ను చదివించాయి.

సంస్థానం స్కూల్లో నాకు మాస్టరు ఉద్యోగం వచ్చిన ఏడాదే బావకు తలపోటు, ఆయాసం మొదలయ్యాయి. దవాఖానాకు తీసుకెళ్లాను. డాక్టరుది రాయపూర్. ఆయనకు తెలుగు రాదు, బావకు హిందీ రాదు. మధ్యలో నేను.

డాక్టరు బావ చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టాడు.

“ఏంది బామ్మర్దీ, నీ సైకిల్ ట్యూబనుకుంటున్నడా?” అన్నాడు బావ.

డాక్టరు పాదరసం వైపే చూశాడు. రక్తపోటు బాగా ఎక్కువగా ఉందన్నాడు. “రాత్రిళ్లు ఎక్కడ పడుకుంటాడు? నిద్ర పడుతుందా?”

బావను అడిగాను.

“ఎక్కడేంది, మంచె మీద. పందులు పండనిస్తయా?”

పక్క బెంచీ మీద తహసీల్ గుమాస్తాలిద్దరు కూర్చున్నారు. అప్పుడే నన్ను ‘మాస్టర్ సాబ్’ అని పిలిచి చోటిచ్చినవాళ్లు. మా బావ కావలి కూలి అని వాళ్ల ముందు చెప్పడానికి నోరు రాలేదు.

“మంచం మీద. బాగానే నిద్రపోతాడు” అన్నాను హిందీలో.

డాక్టరు ఉప్పు తగ్గించమని చెప్పి, మందు పొట్లాలిచ్చి పంపాడు.

కోతలకు వారం ముందు, పొద్దున్నే బావ మంచె కింద పడి కనిపించాడు. కుడి చెయ్యీ కాలూ చచ్చుబడ్డాయి. మాట పోయింది.

డాక్టరు ఇంటికే వచ్చాడు. అక్క మంచె వైపు చెయ్యి చూపి ఏడుస్తుంటే నావైపు తిరిగాడు.

“రోజూ మచాన్ మీదేనా? మనిషి నిద్రపోతేనే పోటు దిగేది, గుండెకు కాస్త తెరిపి దొరికేది. ముందే తెలిస్తే మందుకన్నా ముందు ఆయన్ని కిందికి దింపమనేవాణ్ణి. ఆ రోజు మీకు సరిగా వినపడలేదా?”

“మా భాషలో రెండు మాటలూ దగ్గరగా ఉంటాయి” అన్నాను. మంచెను హిందీలో మచాన్ అంటారని నాకు తెలియక కాదు.

“మా తమ్ముడు లేకుంటే డాక్టరుకి మా బాధ చెప్పేటోళ్లెవరు!” అని అక్క ఇప్పటికీ అందరితో అంటుంది.

బావ ఇప్పుడు మంచం మీదే ఉన్నాడు. నేను వెళ్తే ఎడమ చేత్తో గాలి కొట్టినట్టు చూపించి, సగం మూతితో నవ్వుతాడు. నేను కూడా నవ్వేదాకా ఆపడు.