గునిల్లమ్మకు ఎదురుమాట

గంగులమ్మ "అమ్మా" అని పిలిచినప్పుడల్లా ముసలామె ఏడ్చేది.

దోహాలో మెసైమీర్ అనే పేటలోని ఒక విల్లాలో గంగులమ్మ డ్యూటీ ఒక్కటే: గునిల్లా అనే ఎనభై రెండేళ్ళ స్వీడన్ ముసలామెను కనిపెట్టుకొని ఉండడం. ఆమె కూతురు మలిన్ ఇక్కడ ఒక కంపెనీలో ఇంజనీరు. తల్లికి మతిమరుపు ముదిరిపోతే తన దగ్గరికి తెచ్చుకుంది. రాయచోటి దగ్గరి పల్లె నుంచి వచ్చిన గంగులమ్మకు అంత పెద్దామెను పేరుపెట్టి పిలవడానికి నోరు రాలేదు. మేడం అనే మాట కూతురికి ఖర్చయిపోయింది. ఇక మిగిలింది అమ్మే.

పిలవగానే గునిల్లమ్మ ఉలిక్కిపడి లేచేది. చేతికందిన తువ్వాలును మడిచి పసిబిడ్డలా రొమ్ముకు హత్తుకొనేది. గది మధ్యకు నడిచి, కంచుగొంతుతో వాళ్ళ భాషలో ఏదేదో చెప్పేది. చెప్పి చెప్పి ఆగేది. తలుపు వైపు చూసేది. చూసి చూసి కళ్ళనీళ్ళు పెట్టుకొనేది. గాలి సోకిందేమోనని గంగులమ్మ ఉప్పుతో దిష్టి తీసింది. తగ్గలేదు.

ఆమె పూర్వం పేరుమోసిన నటి అని డ్రైవరు రఫీ చెప్పాడు. జగిత్యాల వైపు మనిషి, మలిన్ ఇంగ్లీషును గంగులమ్మకు తెలుగు చేసేది అతనే. కానీ ఆల్బం చూశాక గంగులమ్మకు ఉన్న తెలివి కూడా పోయింది. ఒక ఫొటోలో రాణి, ఒకదానిలో చేపలమ్మే మనిషి. నలుగురు మొగుళ్ళతో నాలుగు పెళ్ళిళ్ళు. ఒక పేజీలో శవపెట్టెలో పడుకొని ఉంది, తిప్పితే సైకిలు తొక్కుతోంది. ఏది వేషమో, ఏది బతుకో వేలుపెట్టి అడిగితే, గునిల్లమ్మ ప్రతిదానికీ తల ఊపేది. ఆమెకూ తేడా తెలియడం లేదేమోనని గంగులమ్మకు అనుమానం.

సోమవారం పొద్దున మలిన్ డ్యూటీకి పోతూ ఫోను మరిచి వెనక్కి వచ్చింది. తల్లి ఏడుపు కళ్ళారా చూసింది. పనిమనిషి ఏదో బాధ పెడుతోందని అనుకుంది. నచ్చకపోతే మనిషిని పంపిన ఆఫీసుకే వాపసు ఇవ్వచ్చు. గంగులమ్మ ఇదివరకే ఒక ఇంటి నుంచి వాపసు వచ్చిన మనిషి. ఇంకోసారి వస్తే ఊరికి టికెట్టే అని ఆఫీసువాళ్ళు ముందే చెప్పారు. గురువారం దింపి రమ్మని మలిన్ రఫీకి చెప్పేసింది.

రఫీ వంటింట్లోకి వచ్చి నిలబడ్డాడు. వెనకనే మలిన్.

"మేడం అడుగుతున్నది చెల్లె. ముసలామెను ఏమంటున్నవ్?"

"ఏమీ అన్లేదన్నా. అమ్మా అంటా. అంతే."

ఆ మాట చెవిన పడగానే మలిన్ ముఖం మారిపోయింది. కుర్చీ లాక్కొని కూర్చుని చాలాసేపు చెప్పింది. రఫీ మధ్యమధ్య తల గోక్కున్నాడు.

"వాళ్ళ భాషల అమ్మా అంటే కన్నతల్లి కాదట. జీతానికి పరాయి పిల్లలకు పాలిచ్చేటామెను అంటరట."

గంగులమ్మ లెంపలేసుకుంది. "అంటే ఇన్ని దినాలూ ఆ పెద్దామెను నేను పనిమనిషీ, పనిమనిషీ అని పిల్చినానా?"

రఫీ నవ్వు ఆపుకొన్నాడు.

మిగిలినదంతా మెల్లగా తెలిసింది. గునిల్లమ్మ పద్దెనిమిదో ఏట బేకరీలో పని మానేసి నాటకాల్లో చేరింది. ఏళ్ళ తరబడి దాసీ వేషాలే. ఆ తరువాత, సొంతబిడ్డను పల్లెలో వదిలి దొరల ఇంట్లో పాలివ్వడానికి వచ్చిన ఆడమనిషి వేషం దొరికింది. ఆరు చలికాలాలు అదే ఆడింది. దాన్నే సినిమా తీస్తే దేశమంతా ఆమెను గుర్తుపట్టింది. ఆ ఆరేళ్ళూ మలిన్ అమ్మమ్మ దగ్గర పెరిగింది. నాటకంలో ఎవరో తెర వెనక నుంచి "అమ్మా" అని పిలవాలి. అప్పుడు గునిల్లమ్మ బిడ్డతో రంగం మీదికి రావాలి. అన్నీ మరిచిన మనిషికి ఆ పిలుపు ఒక్కటే గుర్తుంది.

ఇకమీదట ఆ మాట నోట రాకూడదని మలిన్ హుకుం. గురువారం మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. సరేనని గంగులమ్మ భయంభయంగా "గునిల్లా" అంది. ముసలామె తల కూడా తిప్పలేదు. రెండు రోజులు గోడకేసి చూస్తూ కూర్చుంది. సూపు ముట్టలేదు. ఏడుపు మేలా, ఇది మేలా అన్నది మలిన్‌కూ తోచలేదు.

బుధవారం గిన్నెలు తోముతుంటే గంగులమ్మకు మొగుడు హనుమప్ప గుర్తొచ్చాడు. ఒకసారి ఊళ్ళో నాటకంలో అతను రాజు. ఎదుటి వేషగాడు తాగి తెర వెనక నిద్రపోయాడు. హనుమప్ప ఎత్తిన చెయ్యి దించకుండా నిలబడిపోయాడు. పద్యం తానే మరిచానేమోనని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చివరికి హార్మోనియం మేస్త్రి ఆ ఎదుటి మాట అందుకుంటే గానీ కదల్లేదు.

గంగులమ్మ చేతులు తుడుచుకొని రఫీని పిలిచింది.

"ఆయమ్మ బాధతో ఏడ్చడంల్యా అన్నా. ఎదుటోళ్ళ మాట రావల్ల. రాకుంటే తానే మర్సిపోయినాననుకుంటాంది. ఆ మాటేందో మేడంను అడుగు."

మలిన్‌కు ఆ నాటకం అంటే పడదు. ఒక్కసారే చూసిందట. అయినా ఆ మాట గుర్తుంది. రెండుసార్లు పలికి చూపించింది. బిడ్డ నిద్రపోతోంది, కూర్చో అని అర్థం. గంగులమ్మ అంట్లగిన్నెల ముందు యాభైసార్లు వల్లెవేసింది.

గురువారం పొద్దున కారు బయట సిద్ధంగా ఉంది. గంగులమ్మ గదిలోకి పోయి "అమ్మా" అంది. గునిల్లమ్మ లేచింది, తువ్వాలు ఎత్తుకుంది, చెప్పింది, ఆగింది. తలుపు వైపు చూసింది.

"బార్నెట్ సోవెర్. సెట్ దెయ్," అంది గంగులమ్మ.

ముసలామె కూర్చుంది. ఏడవలేదు. గంగులమ్మ సూపు గిన్నె అందిస్తే సగం తాగింది. అప్పుడు తువ్వాలు వైపు చూసి, మామూలు గొంతుతో అడిగింది. "వెమ్స్ బార్న్?"

గది గుమ్మంలో నిలబడిన మలిన్ తెల్లబోయింది. ఎవరి బిడ్డ అని అడుగుతోందని, ఈ మాట నాటకంలో లేదని పక్కనున్న రఫీకి చెప్పింది. రఫీ అది గంగులమ్మకు చెప్పాడు.

జవాబు ఆలస్యమైతే మళ్ళీ కన్నీళ్ళేనని గంగులమ్మకు భయం. ఇంకేమీ తోచక మలిన్ వైపు వేలు చూపించింది.

గునిల్లమ్మ తువ్వాలు పక్కన పెట్టి, కూతురిని కిందికీ మీదికీ చూసింది. చిన్నగా ఒక మాట అంది. మలిన్ వచ్చి నేల మీద కూర్చుని తల్లి ఒడిలో తల పెట్టింది.

కారు తీయాలా అని రఫీ రెండుసార్లు అడిగాడు. మలిన్ తల ఎత్తకుండానే చెయ్యి అడ్డంగా ఊపింది. అతను తాళాలు తీసుకుపోయి మేకుకు తగిలించి వచ్చాడు.

"ఏమనిందన్నా ఆయమ్మ?" గంగులమ్మ గుసగుసగా అడిగింది.

మలిన్ ఇంగ్లీషులో చెప్పలేదు కాబట్టి రఫీకి తెలియదు. రఫీకి తెలియలేదు కాబట్టి గంగులమ్మకూ తెలియలేదు.