మీట నొక్కినవాడి చొక్కా

కంపెనీ ఆస్తిని జాగ్రత్తగా చూసుకోవడం సుందర్ రాజ్‌లో ఉన్న సుగుణం. అందుకే ఆఫీసులో బొమ్మలు గీసే కంప్యూటర్ టెర్మినల్ పక్కన మేకుకి వేలాడే ఏప్రాన్ మాసిపోతుందని ఎన్నడూ తొడుక్కోలేదు. తన గీతలు నలుగురూ చూడాలన్న యావ అందులో ఎంతుందో భార్య కరుణమ్మకే తెలుసు. బట్టలు ఉతికేది ఆమె.

న్యూజెర్సీలోని ఆ ఇంజనీరింగ్ ఆఫీసులో, 1981లో, టెర్మినల్ తీరే అంత. తెర మీద ఆకుపచ్చ గీత ఒకసారి పడిందంటే అలా నిలిచిపోయేది. తప్పు పడితే ఆ ఒక్క గీతనే చెరపడం కుదరదు, పేజ్ అనే మీట నొక్కాలి. తెరంతా ఒక్కసారి పచ్చగా భగ్గుమని బొమ్మ మొత్తం పోయేది. పోయిన బొమ్మ మీట నొక్కినవాడి బట్టల మీదికొచ్చి కూర్చునేది. రెండు ఉతుకులకి గానీ వదిలేది కాదు.

"ఏమండీ, మళ్ళీ వంతెన తెచ్చారా? మొన్నటి నీళ్ళ టాంకే ఇంకా వదల్లేదు!" అనేది కరుణమ్మ.

ఆదివారం తెలుగు ప్రార్థనకి ఆ టాంకు చొక్కాతోనే వెళితే, పాస్టర్‌గారు చెయ్యి కలుపుతూ "బాగుంది బ్రదర్, ఏ ఊరిది?" అని అడిగి, బైబిల్ తెరిచారు.

జనవరిలో ఒక స్కూలు జిమ్ కప్పు లెక్క వచ్చింది, పిల్లలు లోపల బాస్కెట్‌బాల్ ఆడే హాలు. రెండడుగుల తడిమంచు పేరుకుంటే కప్పు ఎంత వంగుతుందో సుందర్ రాజ్ గీయించాడు. చుక్కల గీత దాకా వంగితే ఫరవాలేదు. కప్పు గీత దాన్ని దాటి కిందికి దిగిపోయింది.

మేనేజర్ వాల్ష్ వచ్చి చూశాడు. "పది నిమిషాల్లో స్కూల్ బోర్డు వాళ్ళొస్తారు. చెరిపేసి, మంచు సగం చేసి మళ్ళీ గీయి."

"మంచుకి ఆ సంగతి ఎవరు చెప్తారు సర్?"

"నీ గ్రీన్‌కార్డ్ కాగితాలు నా టేబుల్ మీదున్నాయి. గుర్తుందా?"

పక్క టేబుల్ నుంచి జగదీష్ తెలుగులో గొణిగాడు. "నొక్కెయ్ గురూ! అది మన కప్పు కాదు, మన బాబుది కాదు."

"మీ అమ్మాయి బాస్కెట్‌బాల్ ఆరుబయటే ఆడుతుందా?"

జగదీష్ కాగితాల్లో తల దూర్చేశాడు.

సుందర్ రాజ్ లేచాడు. మేకు మీది ఏప్రాన్ తీసి, ఆరేళ్ళలో మొదటిసారి మెడకి తగిలించుకుని, వెనక బిగించి ముడేసుకున్నాడు.

"నేను నొక్కను సర్. ఇవాళ ఈ ఏప్రాన్ కూడా ఇవ్వను."

"అయితే రేపట్నుంచి రానక్కర్లేదు," అని వాల్ష్ తనే నొక్కాడు.

భగ్గుమంది. జిమ్ మొత్తం అతని తెల్లచొక్కా మీదికొచ్చింది. కోటు బొత్తాలు పెట్టుకుంటే కోటు మీదికెక్కింది. చుక్కల గీత బెల్టు దగ్గర, కప్పు గీత ఇంకా కింద. దాన్ని ఫైలుతో కప్పుకుంటూనే ఒంటిచేత్తో మంచు సగం చేసి, కొత్త బొమ్మ గీయించాడు.

స్కూల్ బోర్డు అధ్యక్షురాలు లోపలికొచ్చి షేక్‌హ్యాండ్‌కి చెయ్యి చాపింది. వాల్ష్ ఫైలు పక్కన పెట్టక తప్పలేదు. పెద్దావిడ కళ్ళజోడు పెట్టుకుని తెర చూసింది, తర్వాత వంగి అతన్ని చూసింది.

"తెర మీద కప్పు బాగానే ఉంది. మీ మీదే కూలేలా ఉంది. ఇదెప్పటిది?"

"అది... పాతదండీ."

"ఎంత పాతది?"

"ఐదు నిమిషాలు," అన్నాడు సుందర్ రాజ్.

ఆవిడ కళ్ళజోడు తీసింది. "మధ్యలో ఇంకో దూలం వేయండి. లెక్క ఈయనే చూడాలి. కాగితాల మీద ఈయన పేరు లేకపోతే మేం సంతకం పెట్టం."

ఇక అతన్ని పంపించడం వాల్ష్ వల్ల కాలేదు. గ్రీన్‌కార్డ్ కాగితాలు శుక్రవారానికి సంతకమై వచ్చాయి.

"భయం వెయ్యలేదా?" అంది కరుణమ్మ.

"ఛ, నాకా!" అన్నాడు సుందర్ రాజ్.

అబద్ధం. బాసుకి కాదని చెప్పడం ఆ రోజు వచ్చింది. భయపడకుండా చెప్పడం మాత్రం ఇప్పటికీ నేర్చుకోలేదు.