కాళ్ళు పట్టే కొలువు

శ్రుతి వేల్స్ మీద పీహెచ్‌డీ చేస్తోందంటే అమెరికాలో వాళ్ళుండే బాతెల్ ఊళ్ళోని తెలుగువాళ్ళందరూ తిమింగలాల మీద అనుకున్నారు. కారెక్కి కాస్త దూరం వెళ్తే సముద్రం, టికెట్ కొంటే తిమింగలాల్ని చూపించే పడవలు. ఆ పొరపాటు ఎవరైనా చేస్తారు. వాళ్ళమ్మ నళిని కూడా చాలాకాలం అదే చెప్పుకుని తిరిగింది. తీరా అది ఇంగ్లండ్ పక్కనున్న చిన్న దేశమనీ, కూతురు చదివేది ఎప్పటివో రాజుల కథలనీ తెలిశాక, ఎవరడిగినా "హిస్టరీ అండీ" అని మాట మార్చేసేది.

ఆ చదువులోంచే శ్రుతి తెలుగులో ఓ నాటకం రాసింది. పొవిస్, గ్వినెత్ అని వేల్స్‌లో రెండు రాజ్యాలు. పొవిస్ రాకుమారిని గ్వినెత్ రాకుమారుడు ప్రేమిస్తాడు. కథ ఆమె కల్పించిందే గాని, అందులోని కొలువు మాత్రం ఆ దేశపు పాత చట్టాల్లో ఉన్నదే. విందు మొదలైన దగ్గర్నుంచి రాజు పడకగదికి వెళ్ళేదాకా ఆయన కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడమే ఆ ఉద్యోగం. నవ్వుకోనక్కర్లేదు, దానికో అధికారం కూడా ఉండేది. రాజు కాళ్ళు ఒళ్ళో ఉన్నంతసేపు ఆ మనిషి ఎంతటి నేరస్థుడికైనా అభయం ఇవ్వచ్చు. మన దగ్గర కాళ్ళు పట్టుకున్నవాడు అభయం అడుగుతాడు. అక్కడ కాళ్ళు పట్టుకున్నవాడే ఇస్తాడు.

నాటకంలో రాకుమారుడు ముసుగేసుకుని ఆ కొలువులో చేరతాడు. విందులో దొరికిపోతాడు. ముసుగు తీసి, "ఆ నేరస్థుణ్ణి నేనే, నాకు నేనే అభయమిచ్చుకుంటున్నాను" అంటాడు. రాజు కాళ్ళు తీస్తే కత్తులు దిగుతాయి. రాజు తీసేస్తాడు. శ్రుతికి వేరే ముగింపు రాయడం చేతకాలేదు.

చేతకాకపోవడానికి కారణం ఉంది. బాతెల్‌లోనూ రెండు రాజ్యాలున్నాయి. ఒకటి శ్రుతి తండ్రి ఆదిశేషుది, రెండోది రాజారావుది. ఇద్దరూ ఒకప్పుడు బియ్యం మూట సగం సగం పంచుకుని బతికినవాళ్ళే, తెలుగు సంఘం పెట్టిందీ ఇద్దరూ కలిసే. ఓ ఉగాదినాడు రాజారావు ఉపన్యాసం సాగదీస్తున్నాడని ఆదిశేషు స్టేజీ ఎక్కి అతని చేతిలోని మైకు లాగేసుకున్నాడు. జనం నవ్వారు. ఆ మరుసటి ఏడే రాజారావు వేరు కుంపటి పెట్టాడు. అప్పట్నుంచి ఊళ్ళో రెండు ఉగాదులు, రెండు దీపావళులు, రెండు పిక్నిక్కులు. ఇక్కడిదాకా నవ్వుకోవచ్చు. కానీ తర్వాత రాజారావు తల్లి పోయింది. ఇద్దరూ ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉన్న రోజుల్లో తనకి అన్నం పెట్టిన ఆ మనిషిని కడసారి చూడటానికి కూడా ఆదిశేషు ఆ గుమ్మం తొక్కలేదు.

శ్రుతి ప్రేమించింది రాజారావు కొడుకు ప్రణవ్‌ని.

ఒకసారి భోజనాల దగ్గర ఆ పేరెత్తింది. "ఆ ఇంటి ఊసు ఈ ఇంట్లో వద్దు" అని ఆదిశేషు కంచం ముందునుంచి లేచిపోయాడు. చెప్పకుండా పెళ్ళి చేసుకుందామంటే ప్రణవ్ ఒప్పుకోలేదు.

"అంకుల్ యెస్ అంటేనే, శ్రుతీ. బామ్మ ఫ్యునెరల్ రోజు మా నాన్న అంతసేపూ డోర్ వైపే చూస్తూ కూచున్నారు. ఇంకో ఇల్లు అలా అవ్వడం నాకు ఇష్టం లేదు. నో అంటే నేను వెళ్ళిపోతా. ఐ మీన్ ఇట్."

ప్రణవ్ అన్నమాట మీద నిలబడే రకం. శ్రుతికి అదే ఇష్టం, ఇప్పుడు అదే భయం.

ఆ ఏడు విశాఖని తుఫాను ఊడ్చేసింది. సాయం కోసం రెండు సంఘాలూ మొదటిసారి ఒకే వేదిక మీద కార్యక్రమం పెట్టాయి. స్కూల్ ఆడిటోరియంలో ఎడమవైపు వీళ్ళు, కుడివైపు వాళ్ళు. మధ్య దారి ఖాళీగా, సరిహద్దులా ఉంది. రాజు వేషం ఆదిశేషుది. కాళ్ళు పట్టే వేషం నిశాంత్ అనే ఎమ్మెస్ కుర్రాడిది. రిహార్సల్స్‌లో ఆదిశేషు ఒక్కరోజు కూడా ఆ కుర్రాడి ఒళ్ళో కాళ్ళు ఆనించలేదు. "ఎదిగిన పిల్లాడి ఒళ్ళో కాళ్ళేమిటే, తప్పు" అని గాల్లోనే ఉంచి, పొరపాటున తగిలితే అతన్ని తాకి కళ్ళకద్దుకునేవాడు.

నాటకం మొదలవబోతుండగా నిశాంత్ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. డాలస్‌లో ఇంటర్వ్యూకి వెళ్ళాడు, తిరుగు ఫ్లైట్ కాన్సిలైంది. ఆ వేషం మాటలన్నీ నోటికి వచ్చిన మనిషి ఇంకొక్కడే ఉన్నాడు. ఫోన్లో రోజూ ఆమెకి ఎదురు డైలాగులు చెప్పినవాడు. ఇప్పుడు కుడివైపు వరసలో తండ్రి పక్కన కూర్చుని ఉన్నాడు.

నాటకం ఆలస్యమవుతుంటే, పిలవకుండానే వెనక తలుపు నుంచి ప్రణవ్ వచ్చాడు. సంగతి విన్నాడు. "హుడ్ తీయకుండా చేసేద్దామా?"

"తీయకపోతే సీనే లేదు."

అతను ముసుగు చేతిలోకి తీసుకున్నాడు. "అయితే తీస్తా."

ఆపేసి ఉండొచ్చు. మైకులో క్షమాపణ చెప్పి డ్యాన్సు ప్రోగ్రాం ముందుకి జరిపి ఉండొచ్చు. శ్రుతి ఆపలేదు. భయంతో చచ్చిపోతూ కూడా, ఏదో ఒకటి తేలిపోవాలని ఆమెకే ఉంది.

తెర లేచింది. ఆమె స్క్రిప్టు పట్టుకుని తెర పక్కన ప్రాంప్టింగ్‌కి నిలబడింది. విందు సీను. అట్ట కిరీటంతో తండ్రి సింహాసనం మీద, కింద నిశాంతే అనిపించేలా ముసుగులో ప్రణవ్. ఆదిశేషు అలవాటు ప్రకారం కాళ్ళు గాల్లోనే ఉంచాడు. మోకాలు ఆపరేషనైన మనిషి, కాసేపటికే వణుకు మొదలైంది. ముసుగులోని చేతులు మెల్లగా ఆ పాదాల్ని కిందికి దించి ఒళ్ళో పెట్టుకున్నాయి. ఆదిశేషు ఉలిక్కిపడ్డాడు గాని తీయలేదు. హాయిగా ఉందేమో కూడా.

భటులు చుట్టుముట్టారు. కొలువులో దూరిన శత్రువు ఎవడో తేలాలి. ప్రణవ్ ముసుగు తీశాడు.

"ఆ నేరస్థుణ్ణి నేనే మహారాజా. మీ కాళ్ళు నా ఒళ్ళో ఉన్నంతసేపు నాకు నేనే అభయమిచ్చుకుంటున్నాను."

కుడివైపు వరసల్లో గుసగుస లేచింది. రాజారావు కుర్చీలోంచి సగం లేచాడు. ఆదిశేషు మొహంలోంచి రాజు దిగిపోయాడు. శ్రుతి గొంతు తగ్గించి మాట అందించింది. "ఈ రాజ్యంలో శత్రువుకి చోటు లేదు..." ఆయన అందుకోలేదు. మళ్ళీ అందించింది. ఆయన కిందికి వంగాడు. కాలర్‌కి మైకు ఉన్న సంగతి మర్చిపోయాడు.

"ప్రణవ్... నువ్వట్రా?"

"నేనే, అంకుల్."

పొవిస్ కొలువులో ఆ అంకుల్ అన్న మాటకి వెనక పిల్లలు కిసుక్కుమన్నారు. పెద్దవాళ్ళెవరూ నవ్వలేదు.

"శ్రుతి చెప్పిందా ఇలా చెయ్యమని?"

"లేదు. నేనే వచ్చా. మిమ్మల్ని అడగాలని."

ఏమడగాలో అతను చెప్పలేదు. ఆదిశేషు తలతిప్పి తెర పక్కకి చూశాడు. శ్రుతి మొహం దాచుకోలేకపోయింది. కళ్ళు నిండిపోయాయి. తండ్రికి అంతా అర్థమైందని ఆమెకి అర్థమైంది. కంచం ముందునుంచి లేచిపోయిన రోజు కూడా ఆయన మొహం ఇంత గట్టిగా బిగుసుకోలేదు.

ఆయన కుడికాలు తీశాడు.

'అయిపోయింది' అనుకుంది శ్రుతి. నాన్నని కోప్పడటానికి కూడా ఆమెకి ఓపిక లేదు. ముగింపు తను రాసిందే. ఎడమకాలు కూడా తీశాడు. భటులు రిహార్సల్ ప్రకారం ప్లాస్టిక్ కత్తులు ఎత్తారు. ప్రణవ్ కదలకుండా తల వంచాడు.

ఆదిశేషు సింహాసనం చెయ్యి పట్టుకుని లేచాడు. ఓ మెట్టు దిగాడు. మోకాలు సహకరించక పళ్ళు బిగబట్టి, మూలుగుతూ నేలమీద చతికిలబడ్డాడు. కిరీటం పక్కకి ఒరిగింది. ప్రణవ్ రెండు పాదాలూ అందుకుని తన ఒళ్ళోకి లాక్కున్నాడు.

ఎత్తిన కత్తులు ఎత్తినట్టే ఉండిపోయాయి. ఎనిమిది వందల ఏళ్ళ కిందటి వేల్స్ చట్టం చూస్తున్నవాళ్ళలో ఎవరికీ తెలియదు. కానీ ఓ పెద్దమనిషి కిందకూర్చుని పెళ్ళీడు కుర్రాడి పాదాలు పట్టుకుంటే అర్థమేమిటో అటువైపు వాళ్ళకీ ఇటువైపు వాళ్ళకీ ఒకేసారి తెలిసిపోయింది. ముందు వరసలో నళిని నోటికి కొంగు అడ్డుపెట్టుకుంది.

"ప్రణవ్!" రాజారావు గొంతు ఖంగుమంది. అతను మధ్య దారిలోకి వచ్చేశాడు. "లే. లేచి రా ఇవతలికి."

ప్రణవ్ కాళ్ళు వెనక్కి తీసుకోబోయాడు. ఆదిశేషు వదల్లేదు.

"కుదరదు రాజా. ఈ కాళ్ళు నా ఒళ్ళో ఉన్నంతసేపు వీణ్ణి ఎవరూ ముట్టుకోకూడదు. నువ్వైనా సరే."

"నాటకాలాడకు శేషూ."

"ఆడట్లేదు."

ఆ రెండు పేర్లూ ఒకరి నోట ఒకరు విని ఎన్నాళ్ళైందో. తండ్రి ఒప్పుకున్నా సరిపోదని, ఇంకో రాజ్యం ఉందని శ్రుతికి అప్పుడు గుర్తొచ్చింది. చేతిలోని కాగితాల్లో అందించడానికి ఒక్క మాట కూడా లేదు. రాజారావు స్టేజీ ముందుదాకా వచ్చి ఆగాడు. పిడికిళ్ళు బిగించే ఉన్నాడు.

"ఎంతసేపు పట్టుకుంటావ్?"

ఆదిశేషు ఆ పాదాల్ని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు.

"నువ్వొచ్చి ముహూర్తం మాట్లాడేదాకా."

రాజారావు కొడుకుని చూశాడు. ఒరిగిన కిరీటంతో నేలమీద కూర్చున్న ఆ మనిషిని చాలాసేపు చూశాడు. తర్వాత స్టేజీ ఎక్కే మెట్ల దగ్గరికి నడిచి, వంగి, గుమ్మం ముందు విప్పినట్టు బూట్లు విప్పాడు.